మధ్యాహ్నం రెండు గంటలకి మోగని సైరన్

గవర్రాజు డ్రిల్లుని రెండు చేతులా అదిమిపట్టి గోడలోకి రెండో రంధ్రం దింపుతున్నాడు. ఎర్రటి ఇటుక పొడి కింద పరిచిన పాత పేపరు మీద జలజలా రాలుతోంది. కుట్టుమిషన్ల మీద పడకుండా ముందే వాటికి దుప్పట్లు కప్పించాడు. రంధ్రంలో దుమ్ము ఊది, ప్లగ్గు దిగ్గొట్టి, తెల్లటి సెన్సరు డబ్బాని మరలతో బిగించి, రెండు వేళ్ళతో పట్టి లాగాడు. చీమంతైనా కదల్లేదు.

"తుఫానొచ్చి రేకులన్నీ లేసిపోయినా ఇది మాత్రం ఇక్కడే ఉంటాదమ్మా," అన్నాడు కాంతంతో.

ఆ తరవాత వారం రోజులపాటు అతని నోట సంతోషంగా వచ్చిన మాట మరొకటి లేదు.

పాత గాజువాకలో ఒక రెండంతస్తుల ఇంటి డాబా మీద ఉంది కాంతం కుట్టు షెడ్డు. పైన రేకులు. మూడు వైపులా రేకు గోడలే. పడమటి వైపు మాత్రం ఇటుక గోడ, పక్కనున్న మూడంతస్తుల ఇంటిని ఆనుకుని ఉంటుంది. లోపల ఆరు మిషన్లు. స్కూళ్ళు తెరిచేలోగా ఇవ్వాల్సిన యూనిఫాంలు మూటలు మూటలుగా ఉన్నాయి. వేసవిలో మధ్యాహ్నం పూట ఆ రేకుల కింద మనిషన్నవాడు కూర్చోలేడు కాబట్టి కుట్టేవాళ్ళు పొద్దున్న ఏడింటికి వచ్చి ఒంటిగంటకి వెళ్ళిపోతారు. మళ్ళీ నాలుగింటికి వస్తారు. ఇంటివాళ్ళు ఉద్యోగస్తులు, పగలు ఉండరు; కింద వెనక గదిలో అద్దెకుండేది కాంతం, జబ్బుమనిషైన ఆమె భర్తే. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం కాంతం సందు చివరి కొట్టుకి వెళ్ళొచ్చేలోపు ఎవరో తాళం విరగ్గొట్టి రెండు మిషన్ల మోటార్లు విప్పుకుపోయారు. అప్పటినుంచి ఆ మూడు గంటలూ ఆవిడే తడిగుడ్డ తలమీద వేసుకుని గుమ్మంలో కాపలా కూర్చుంటోంది.

కానీ సోమ, బుధ, శుక్రవారాలు ఆమె అక్కడ కూర్చోడానికి లేదు. భర్త కామరాజుకి డయాలసిస్. పోర్టులో క్రేను నడిపిన మనిషి, ఇరవై ఏళ్ళ కిందట తణుకు నుంచి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చినవాడు, ఇప్పుడు రక్తం కడిగించుకుని లేచాక ఆటో ఎక్కలేడు. మొన్న ఒక్కడే వెళ్ళి ఆసుపత్రి మెట్ల మీద తూలి పడ్డాడు. షెడ్డు వదిలితే మిషన్లు పోతాయి, షెడ్డు పట్టుకుని కూర్చుంటే మనిషి పడిపోతాడు. ఈ రెంటి మధ్యా నలిగి ఆమె, మనిషి కదిలితే సైరన్ మోగించే సెన్సరు కొనుక్కుంది.

అమ్మింది జగ్గారావు. గవర్రాజుకి బావమరిది, మెయిన్ రోడ్డు మీద కెమెరాల కొట్టు. అమ్మడం అతని పని, బిగించడం గవర్రాజు పని.

గవర్రాజుకి ఈ పని నేర్పినవాడు లేడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తూ, కాలిపోయిన మోటార్లకి చుట్లు చుట్టేవాళ్ళని పక్కన నిలబడి చూశాడు. ఎవరూ లేనప్పుడు ఒక పాడైన మోటారు విప్పి, చుట్లు లెక్కపెట్టుకుని, కాగితం మీద రాసుకుని, మళ్ళీ అలాగే చుట్టాడు. అది తిరిగింది. విప్పేటప్పుడు రాసుకోనివాడు బిగించేటప్పుడు ఏడుస్తాడని అతని సిద్ధాంతం. సంచిలో ఇప్పటికీ ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది.

ఆ శనివారం పొద్దున్న పది గంటలకి తలుపు నుంచి మిషన్ల దాకా నడిచాడు. సెన్సరులో ఎర్ర లైటు వెలిగింది, మూల బల్ల మీద సిమ్ వేసి పెట్టిన పెట్టెలో సైరన్ చెవులు చిల్లులు పడేలా కూసింది, కాంతం చేతిలో ఫోను మోగింది. బయటికొచ్చి, ఈసారి వంగుని నడిచాడు. మోగలేదు. కంగారు పడలేదు. బ్యాటరీ ఆదా కోసం ఈ రకం సెన్సరు ఒకసారి మోగాక మూడు నిమిషాలు పడుకుంటుంది. బయట మూడు నిమిషాలు ఆగి మళ్ళీ వెళ్ళాడు. మోగింది. మొత్తం అయిదుసార్లు చేసి, అయిదూ రాసుకుని, సైరన్ని వేసి కట్టేసే రిమోటు ఆవిడ చేతిలో పెట్టాడు.

సోమవారం మధ్యాహ్నం రెండు దాటాక ఫోను వచ్చింది.

"గవర్రాజు గారూ, ఇది మోగట్లేదండీ. వెళ్ళేముందు ఒకసారి చూద్దామని తాళం తీసి లోపలికొచ్చానండీ. మిషన్ల మధ్య నిలబడి చేతులు ఊపానండీ. ఉలుకూ పలుకూ లేదు."

"మూడు నిమిషాలు ఆగారా అమ్మా?"

"పది నిమిషాలు ఆగానండీ. ఆయన్ని ఒక్కడినే ఆటో ఎక్కించి పంపేశాను. ఇంకేం చెయ్యను?"

మంగళవారం పొద్దున్నే వచ్చి కొత్త బ్యాటరీ వేశాడు. పెట్టెకీ సెన్సరుకీ మళ్ళీ జత కలిపాడు. నడిచాడు. మోగింది. ఎదురు రేకు గోడ దగ్గర పాకాడు. మోగింది. ఏడుసార్లకి ఏడుసార్లూ మోగింది.

బుధవారం రెండుంబావుకి మళ్ళీ ఫోను. ఈసారి కాంతం ఎక్కువ మాట్లాడలేదు.

"మోగలేదండీ. ఆయన మళ్ళీ ఒక్కడే వెళ్ళాడు."

ఫోను పెట్టేశాక గవర్రాజు చేతిలోని స్క్రూడ్రైవరు విసిరి కొట్టబోయి, పనిముట్టు ఏం పాపం చేసిందని సంచిలో పెట్టి, జగ్గారావు కొట్టుకి వెళ్ళాడు.

"ఏటి బావా, నువ్వమ్మిన సరుకు పొద్దున్న పనిసేత్తాది, మద్దేనం తొంగుంటాది. ఇదేటి, గవర్మెంటు ఉద్యోగమా?"

జగ్గారావు కుర్చీలోంచి కదల్లేదు. "సరుకులో తప్పుండదు బావా. ఆవిడ నడక మెత్తన అయ్యుంటాది. సెన్సరుకి ఆనలేదేమో."

"ఇది అడుగుల సప్పుడుకి మోగేదా? నీ కొట్లో అమ్మేది ఏటో నీకే తెలీదు. మనిషి ఒంట్లో వేడి కదిలితే మోగుతాది ఇది."

"తెలిసినోడివి నువ్వే బాగు సెయ్యి మరి. లేపోతే ఒక పని సెయ్యి. రేపు పొద్దున్న ఎల్లి, మోగించి సూపించి, సంతకం ఎట్టించుకుని వచ్చెయ్. మద్దేనం రెండింటికి ఆ రేకుల కిందకి ఎల్లి ఎవుడు సూత్తాడు?"

"దొంగ సూత్తాడు," అన్నాడు గవర్రాజు. "కొట్లో ఇంకో సెన్సరుంటే ఇలా తే."

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే షెడ్డులో ఉన్నాడు. లోపల గాలి అన్నది లేదు. కొత్త సెన్సరు పెట్టాడు. నడిచాడు. లైటు వెలగలేదు. బయటికి వచ్చి డాబా మీద ఎండలో మూడు నిమిషాలు నిలబడ్డాడు. చెప్పుల్లోంచి కాలు కాలుతోంది. లోపలికి వెళ్ళాడు. వెలగలేదు. పాతది పెట్టాడు. మూడు నిమిషాలు. వెలగలేదు. చెమట కళ్ళలోకి కారి నోటు పుస్తకంలో అంకెలు అలుక్కుపోయాయి. ముప్ఫై ఏళ్ళలో విప్పిన ప్రతి వస్తువూ ఎక్కడ పాడయిందో చూపించింది. తెగిన తీగో, కాలిన వాసనో, అరిగిన బుష్షో. దీంట్లో తెగిందీ లేదు, కాలిందీ లేదు. బాగానే ఉండి పనిచెయ్యని వస్తువుని ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పలేదు, తనకి తానుగా ఎప్పుడూ నేర్చుకోలేదు.

"దీనమ్మ కడుపు మాడ," అన్నాడు సెన్సరు వైపు చూసి.

అప్పుడే కాంతం పైకి వచ్చింది. కామరాజుకి ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టుందట. జ్వరం చూసే థర్మామీటరు కత్తిరింపు బల్ల సొరుగులో సుద్దముక్కల మధ్య ఉంది. తీసి బొత్తాం నొక్కి, ఒక్క క్షణం చూసి, దాన్ని బల్ల మీద పడేసింది.

"ఇదీ పాడైపోయిందండీ! నోట్లో పెట్టకుండానే తొంభై ఎనిమిది చూపిస్తోంది. ఈ ఇంట్లో సక్కంగా పనిచేసేది ఒక్కటంటే ఒక్కటి లేదు."

గవర్రాజు చెయ్యి చాచి థర్మామీటరు తీసుకున్నాడు. తొంభై ఎనిమిదిన్నర. తనెక్కడ నిలబడ్డాడో చూసుకున్నాడు. తూర్పు రేకు గోడ దగ్గరకి వెళ్ళి దాని కొసని రేకుకి ఆనించి పట్టుకున్నాడు. తొంభై ఎనిమిది, చిల్లర. తన చంకలో పెట్టుకున్నా అంతే వస్తుంది.

"అమ్మా, ఇది పాడవలేదు," అన్నాడు మెల్లగా. "షెడ్డుకే జొరం."

ఆవిడకి అర్థం కాలేదు. అతను తనకే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. "ఈ సెన్సరు కన్ను మనిషిని సూడదమ్మా. మనిషికీ ఎనకాల గోడకీ మద్దిన వేడి తేడాని సూత్తాది. పొద్దున్న ఈ రేకు సల్లగుంటాది, మీరు నడిస్తే కనబడతారు. మద్దేనం రేకూ మీరూ ఒకే వేడి. తెల్లగోడ ముందు తెల్లసీర కట్టుకుని నిలబడినట్టు."

"అయితే ఇది మధ్యాహ్నం పనిచెయ్యదన్నమాట," అంది కాంతం. ఆమె మొహం చూడలేక అతను తల తిప్పుకున్నాడు.

థర్మామీటరు పట్టుకుని షెడ్డంతా తిరిగాడు. ఉత్తరం వైపు రేకు, తొంభై ఎనిమిది. దక్షిణం వైపు రేకు బయట ఎండ తగిలి అంతకంటే ఎక్కువ. ప్రతిసారీ ఆపి, మళ్ళీ నొక్కి, రాసుకున్నాడు. చివరికి పడమటి ఇటుక గోడ దగ్గరకి వచ్చి, కింద మోకాలెత్తులో ఆనించాడు. తొంభై ఒకటి. ఇంకోచోట, తొంభై రెండు. పక్కింటి నీడలో ఉన్న గోడ, ఎండ ఎప్పుడూ తగలని గోడ.

అదే గోడ మీద, తలెత్తులో, తనే స్వయంగా బిగించిన సెన్సరు ఉంది. చీమంతైనా కదలని చోట. చల్లటి గోడకి వీపు ఆనించి, వేడి రేకుని చూస్తూ కూర్చుంది.

గవర్రాజుకి ఒళ్ళు మండింది. జగ్గారావు మీద కాదు, కంపెనీ మీద కాదు. శనివారం పొద్దున్న తను షెడ్డులోకి అడుగుపెడుతూనే ఏ గోడ గట్టిగా ఉందా అని చూశాడు. ఏ గోడ కేసి చూడాలా అని చూడలేదు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "గట్టి గోడ సూసి కొట్టీసేను. ఇది సూడాల్సిన గోడ మీదే దీన్ని ఎక్కించీసేను."

"మరిప్పుడు?"

"ఇప్పుడు ఎదరకి మారుత్తాను."

ఎదర ఉన్నది రేకు. రేకుకి సూటిగా బిగిస్తే గాలికి అదురుతుంది, రేకు వేడి డబ్బాకి ఎక్కుతుంది. షెడ్డుని నిలబెట్టిన ఇనప కమ్మీకి ఒక చెక్కముక్కని క్లాంపులతో బిగించాడు, రేకుకీ చెక్కకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండేట్టు. సెన్సరు వచ్చిన అట్టపెట్టె మీది బొమ్మలో ఏడడుగుల ఎత్తులో పెట్టమని ఉంది. అతను మోకాలికి కాస్త పైన పెట్టాడు, ఎందుకంటే గోడ చల్లగా ఉన్నది కిందే. తలుపు తీసినవాడు మిషన్ల దగ్గరకి వెళ్ళాలంటే ఆ చూపుకి అడ్డంగా నాలుగడుగులు వెయ్యాల్సిందే. అడ్డంగా నడిచే మనిషిని ఇది పట్టుకుంటుంది, ఎదురొచ్చేవాణ్ణి అంతగా పట్టుకోదు. మధ్యలో ఉన్న రెండు గుడ్డల మూటలు జరిపించాడు. ఇటుక గోడలో మిగిలిన రంధ్రాలు రెండూ సిమెంటుతో పూడ్చాడు.

మూడూ నలభైకి నడిచి చూశాడు. సైరన్ కూసింది. కాంతం చప్పట్లు కొట్టబోయింది.

"ఉండండమ్మా. ఎండ తగ్గింది. ఇప్పుడు మోగితే ఏటి గొప్ప? రేపు రెండింటికి మోగాలి."

"రేపు శుక్రవారమండీ. ఆయనతో..."

"మీరెల్లండి. తాళం నాకిచ్చి ఎల్లండి. రేపు దొంగని నానే. మోగకపోతే మీరొచ్చీదాకా నానే గుమ్మంలో కూకుంటాను. ఆయన్ని మాత్తరం ఒక్కడినే పంపకండి."

ఆరు మిషన్ల షెడ్డు తాళం పరాయి మనిషి చేతిలో పెట్టడం చిన్న సంగతి కాదు. అయినా మర్నాడు బయల్దేరేముందు కాంతం కొంగున ముడేసుకున్న తాళంచెవి విప్పి, రిమోటుతో సహా అతనికి ఇచ్చింది.

శుక్రవారం ఒంటిగంటన్నరకి ఆటోలో కామరాజు పక్కన కూర్చుంటూ ఆమె డాబా వైపు రెండుసార్లు తలెత్తి చూసింది. గవర్రాజు రిమోటు నొక్కి, తలుపు తాళం వేసి, ముప్పావుగంట పిట్టగోడ నీడలో కూర్చున్నాడు. కాకి కూడా ఎగరట్లేదు. గడియారంలో రెండుంబావు అయ్యాక లేచాడు. తాళం తీశాడు. తలుపు తోసి, దొంగలాగే మెల్లగా మొదటి అడుగు వేశాడు. ఏమీ లేదు. రెండో అడుగు. ఏమీ లేదు. మూడో అడుగుకి సైరన్ షెడ్డు రేకులన్నీ దద్దరిల్లేట్టు కూసింది.

సైరన్ కట్టేసి ఫోను తీసేలోపే అతని ఫోను మోగింది.

"మోగిందండీ! ఇక్కడ మోగింది!" కాంతం ఆసుపత్రిలో అరుస్తోంది. వెనకాల ఎవరో నర్సు గొంతు తగ్గించమంటోంది. "మీరేనా? మీరేనా లోపల?"

"నానేనమ్మా. ఫోను పెట్టీసి ఆయన్ని సూసుకోండి. ఇంకో రెండుసార్లు మోగిత్తాను, కంగారు పడకండి."

ఇంకో రెండుసార్లు మోగించాడు, మధ్యలో మూడేసి నిమిషాలు ఎండలో నిలబడి. ఒకసారి వంగుని, ఒకసారి గోడ వారగా. రెండూ మోగాయి. నోటు పుస్తకంలో టైము వేసి రాసుకున్నాడు. నాలుగింటికి కుట్టేవాళ్ళు వచ్చి మిషన్ల మీద దుమ్ము దులుపుకుని కూర్చున్నారు.

ఆరున్నరకి ఆటో వచ్చింది. కామరాజు కాంతం భుజం మీద చెయ్యి వేసుకుని దిగి, గుమ్మంలో అరుగు మీద కూర్చున్నాడు. గవర్రాజు కిందకి వచ్చి తాళంచెవీ, రిమోటూ ఆమె చేతిలో పెట్టాడు.

"నెలకోసారి ఆ కన్ను పొడిగుడ్డతో తుడవండమ్మా, తడిగుడ్డ వద్దు. దాని ఎదర మూటలు పెట్టకండి. పడమటి గోడకి బట్టలు ఆరెయ్యకండి."

"పనయినట్టు సంతకం ఎక్కడ పెట్టాలండీ?"

"ఇక్కడ," అని నోటు పుస్తకం తిప్పి, ఆ మూడు టైముల కింద వేలు పెట్టి చూపించాడు. కాంతం పెన్ను తీసుకుని తన పేరు పూర్తిగా రాసింది. అతను పుస్తకం మూసి సంచిలో వేసుకుని, డ్రిల్లు భుజానికి తగిలించుకుని, బండి స్టార్టు చేశాడు.