చప్పుడు చేయని డిస్క్

చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు వేయడం నా పని. పన్నెండేళ్ల డిజైన్లన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. అది మరీ నెమ్మదించడంతో ఈ రోజు కరీంనగర్ నుంచి టెక్నీషియన్‌ను పిలిపించి, అన్నింటినీ ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్‌లోకి మార్పించాను.

కంప్యూటర్ ఆన్ చేయగానే, పక్క గదిలో మరమగ్గాలు నడిపే మా బాపు వాటిని ఆపి వచ్చి డబ్బాకు చెవి ఆనించాడు. మగ్గానికి ఏం రోగమొచ్చినా ఆయన చప్పుడుతోనే పట్టేస్తాడు.

"ఇది నడుస్తలేదు బిడ్డా."

"నడుస్తుంది బాపు. దీంట్ల తిరిగేదేం లేదు, అందుకే చప్పుడు రాదు."

"మరి ఖరాబయ్యే ముందుగాల మనకెట్ల తెలుస్తది?"

టెక్నీషియన్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "ఆయన అడిగినదానికి చెప్పన్నా" అన్నాను.

అతను నవ్వు ఆపాడు. "ఒక్కోసారి తెల్వదక్కా. ఉన్నట్టుండి పోతది."

"గదే నేననేది" అని బాపు మగ్గాల దగ్గరికి వెళ్లిపోయాడు.

పోతూ పోతూ టెక్నీషియన్ పాత డిస్క్‌ను సంచిలో వేసుకోబోయాడు. "ఇంక దీంతోని ఏం పనక్కా, తుక్కే గద."

అతని చేతిలోంచి దాన్ని తీసుకున్నాను. డిజైన్లన్నీ అందులోనూ ఉన్నాయి. మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. ఇకపై వేసే ప్రతి డిజైన్‌ను వారానికోసారి అందులోకి కూడా ఎక్కిస్తాను. ఈ కాలంలో ఇంత చాదస్తమా అని అతను అనుకుంటే అనుకోనీ.

మీరైతే ఇచ్చేసేవాళ్లా? ఏమైనా చెప్పండి, వింటాను. డిస్క్ మాత్రం ఇవ్వను.