తెల్ల వైనూ, వీరస్వామిగారి ముక్కూ

హైదరాబాదులో పదహారేళ్లు పనిచేశాక, ఒక మార్చి నెలలో, హన్మకొండలో కొత్తగా తెరిచిన హోటల్‌కు నన్ను బెవరేజ్ మేనేజర్‌గా వేశారు. పానీయాల నిల్వ, వడ్డన, సిబ్బంది శిక్షణ నా బాధ్యత. వైన్ సంగతి ఊళ్లో నాకొక్కడికే తెలుసన్న నమ్మకం కూడా ఆ హోదాతోపాటే వచ్చింది.

ఎండలు ముదిరాక, కొత్తవాడ జంపఖానాల నేతగాళ్ల సంఘం పెద్ద వీరస్వామిగారు మా దగ్గర మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేశారు. ఫ్రాన్సు నుంచి జంపఖానాలు కొనే ఆవిడ ఒకరు వస్తున్నారు. ఆమెకు సరుకు నచ్చితే మగ్గాలకు ఏడాది పొడవునా పని. భోజనంలో ఆమెకు వైట్ వైన్ అలవాటట. నేను నాసిక్‌లో చేసే షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ఎంచాను. రాత్రిళ్లు చల్లబడే అక్కడి కొండవాలుల్లో పండిన ద్రాక్షతో చేస్తారు. కొంచెం తీపి, చివర్లో సన్నని పులుపు.

ఉన్నవి రెండే సీసాలు. ఒకదాన్ని వంటమాస్టర్ మల్లయ్య ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెల మధ్య పెట్టాడు. వైన్‌కు అది మర్యాద కాదని మందలించాను. రెండోది వంటగది గోడనానుకుని ఉన్న నా స్టోర్‌లో, లేబుల్ అందంగా కనబడేలా నిలబెట్టి ఉంది. భోజనం రోజు పొద్దున దాన్నే మంచు బకెట్‌లోకి దించాను.

వైన్‌కు జోడీగా కారం లేని ఆవిరి చేపను ఆనాటి మెనూలో రాసి పెట్టాను. వీరస్వామిగారు అది విని, కొరమీను వేపుడూ సర్వపిండీ కూడా చేయించమన్నారు. కారం ముందు వైన్ రుచి నిలవదని చెప్పి చూశాను. వినలేదు.

పద్ధతి ప్రకారం, సీసాను భోజనానికి పిలిచినవారికి చూపించి, కార్కు తీసి, ముందు వారి గ్లాసులో ఒక గుక్క పోయాలి. వారు సరేనంటేనే అతిథికి. అది లాంఛనమేనని నా అభిప్రాయం. వీరస్వామిగారు గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్లి దించేశారు.

“ఇది పాడైంది సారు. వాపస్ తీస్కపోండ్రి.”

తెల్ల వైన్‌కు పులుపు సహజమని, నాసిక్ నేల గుణమే అదని, అతిథికి కూడా వినబడేలా వివరించాను. ఆయన గొంతు పెంచలేదు.

“పులుపు వేరే సారు, పులిసిపోవుడు వేరే. పొద్దుగాల దించిన కల్లు ఎండల పెడితే గిట్లనే వాసన కొడ్తది.”

అతిథి ఆ గ్లాసు అందుకుని వాసన చూసి, పక్కకు జరిపారు.

వంటగదిలోకి వెళ్లాక నేనూ వాసన చూశాను. శుద్ధ వెనిగర్. పడుకోబెట్టాల్సిన సీసాను నిలబెట్టడంతో, స్టోర్ వేడికి కార్కు ఎండి గాలి చొరబడింది. మల్లయ్య పెరుగు గిన్నెలు జరిపి, చల్లని సీసా చేతికిచ్చాడు.

దాన్ని తీసుకెళ్లి, మొదటి సీసాకు నాసిక్ నుంచి వచ్చే దారిలో ఎండ తగిలి ఉంటుందని సర్దిచెప్పాను.

“తొవ్వల తగిలిందో, ఈడ తగిలిందో,” అన్నారు వీరస్వామిగారు. ఈసారి వాసన చూసి తలూపారు.

ఆవిరి చేప అలాగే మిగిలిపోయింది. వేపుడు కారానికి వైన్ తీపి చక్కగా కుదిరింది. అతిథి సర్వపిండి రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఆ జోడీని మరుసటి నెల మెనూలో నా ఎంపికగా అచ్చు వేయించాను. జంపఖానాల ఆర్డరు సంఘానికే వచ్చిందని తర్వాత తెలిసింది.

అతిథి సీసా వాపసు పంపితే ముందు వాసన చూడాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. సిబ్బందికి ఈ వరస ఏటా నేర్పాను. దాన్ని నాకు నేర్పింది ఎవరో మాత్రం రిటైరయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.