తాత మోసుకెళ్లిన బొమ్మల మూట

అదియమాన్‌కోట్టై అనే తమిళ ఊళ్లో బస్సు దిగి, ఎడమ చేతి వీధిలోకి తిరిగి, శాలిని ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. 'బ్లౌజు అక్క' ఇల్లు అంటే మాత్రం పాలప్యాకెట్టు కోసం పోతున్న పిల్లలు కూడా ఆగి వేలు పెట్టి చూపిస్తారు.

డిగ్రీ ముగించాక ఆమె ధర్మపురి టౌనులో ఒక బట్టల అంగడిలో పని చేసింది. బిడ్డ పుట్టాక ఆ పని మానేసి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషను హాల్లో కిటికీ పక్కన వేసుకుంది. అద్దె ఇల్లు. ముందు హాలు, వెనక వంటిల్లు, పక్కన ఒక మంచం, బీరువా పట్టేంత గది. పగలు ఆ హాలే కుట్టుపని అంగడి. సాయంత్రం టీవీ చూసే చోటు, రాత్రి పడుకునే చోటు కూడా అదే. కూతురు యాళిని నడక నేర్చినప్పటి నుంచి ఆట స్థలం కూడా అదే అయింది.

యాళిని అనే పేరు శాలిని భర్త యువరాజ్ ముచ్చటపడి పెట్టింది. చెట్టికరై ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర అతనికి జెరాక్స్ అంగడి ఉంది. తుంబలహళ్లిలో ఉండే అతని తల్లి చిక్కమ్మకు ఆ పేరు నోరు తిరగక 'పాప' అనే పిలుస్తుంది. తండ్రి సుబ్బన్న అయితే ఏ పేరూ పెట్టి పిలవడు. గుమ్మంలో నిలబడి సంచి కొంచెం ఊపుతాడు. పిల్ల పరుగెత్తుకొస్తుంది.

ఆ సంచిలోనే ఉంది చిక్కంతా. సుబ్బన్న వారం వారం పాలక్కోడు మార్కెట్టుకు టమాటాలు వేసి, అక్కడి నుంచి బస్సెక్కి మనవరాలిని చూడటానికి వస్తాడు. వచ్చేటప్పుడు సంతలో ఏదో ఒక బొమ్మ కొనకుండా రాడు. ఒక వారం ట్రాక్టరు, ఇంకో వారం డప్పు, మరో వారం తల ఊపే కుక్క. పుట్టినరోజుకీ చెవులు కుట్టించినప్పుడూ చుట్టాలు తెచ్చినవి సరేసరి. మంచం కింద బొమ్మలు, మిషను తొక్కుడు మెట్టు మీద బొమ్మలు, వంటింట్లో పప్పు డబ్బాల మధ్య బొమ్మలు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు కూర్చోబోతే కింద ఏదో ఒకటి కీచుమనేది. శాలిని రోజుకు పదిసార్లు వంగి ఏరేది. ఏరిన బుట్టను యాళిని రెండు చేతులతో ఎత్తి బోర్లించేది.

కొన్నింటిని మూటగట్టి అటకెక్కిద్దామంటే మామ వచ్చీ రాగానే హాలంతా ఒకసారి చూసి, "నేను తెచ్చిన ట్రాక్టరు యాడమ్మా, కనపడల్యా" అనేవాడు. కోపంగా కాదు, ఊరికే అడిగినట్టే. ఆ మాటకే శాలిని ట్రాక్టరు వెతికి తెచ్చి ముందు పెట్టేది. పెద్దవాళ్లకు వద్దు అని చెప్పడం ఆమెకు చిన్నప్పటి నుంచీ రాదు.

"ఏమయ్యా, నాయనకు నువ్వన్నా చెప్పకూడదా? ఇంక వద్దని," అని భర్తను అడిగింది ఒకసారి.

"నేను చెప్తే ఆయన ఇంక ఈ పక్కకే రాడు," అన్నాడు యువరాజ్.

"నేను చెప్తే మాత్రం వస్తాడా?"

ఆ సంగతి అక్కడే ఆగిపోయింది.

ఒక శుక్రవారం పొద్దున పక్క వీధి నుంచి స్కూల్ టీచరు తేన్మొళి కొత్త బ్లౌజు వేసుకుని చూడటానికి వచ్చింది. భుజాల దగ్గర వదులుగా ఉందంటే, లోపలి గదిలో శాలిని అక్కడ పట్టి గుండుసూదులు పెడుతోంది. హాల్లో పాటపాడే బాతు బొమ్మ అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆగిపోయింది. అది ఆగినందుకు శాలినికి మొదట హాయిగానే అనిపించింది. తర్వాత పిల్ల కూడా చప్పుడు చేయడం లేదని గమనించి హాల్లోకి వచ్చింది.

యాళిని నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో బాతు వెల్లకిలా పడి ఉంది. దాని పొట్ట కింద మూత ఊడిపోయింది. లోపల మూడు బ్యాటరీ బిళ్లలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. చొక్కా గుండీలంత బిళ్లలు.

"పాపా, నోరు తెరువు. ఆ అను."

పిల్ల నోరు తెరిచి నవ్వింది. నోట్లో ఏమీ లేదు. శాలిని నేలంతా చేత్తో తడిమింది. గౌను దులిపింది. మిషను కింద చూసింది. బిళ్ల ఎక్కడా లేదు.

"మింగిందో లేదో ఇక్కడ కూర్చుని తేల్చుకోలేం," అంది తేన్మొళి తమిళంలో. "ఆ బిళ్ల గొంతులో నిలిస్తే లోపల కాలుస్తుంది. ఏమీ తినిపించొద్దు, కక్కించొద్దు. ముందు ఆసుపత్రికి పద." అంటూనే చీర కొంగు భుజం మీదుగా కప్పుకుని వీధిలోకి పోయి ఆటోను పిలిచింది.

ఆటోలో శాలిని పిల్ల ముఖం నుంచి చూపు తిప్పలేదు. దగ్గిందా, మింగుడు పడటం లేదా, చొంగ ఎక్కువ కారుతోందా అని చూస్తూనే ఉంది. యాళిని మాత్రం బయట పోతున్న లారీలను చూపిస్తూ కాళ్లు ఊపుతోంది. యువరాజ్‌కు ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పింది. మిగిలింది తేన్మొళి ఫోన్ అందుకుని చెప్పింది.

పెద్దాసుపత్రిలో వెంటనే ఎక్స్‌రేకి పంపారు. చల్లటి బల్ల మీద పడుకోబెడితే యాళిని గుక్కపట్టి ఏడ్చింది. అప్పటికి అంగడి మూసి పరుగున వచ్చిన యువరాజ్ దాని చేతులు పట్టుకున్నాడు. తర్వాత ముగ్గురూ బయట బల్ల మీద కూర్చుని ఎదురుచూశారు. తేన్మొళి పక్కనే నిలబడింది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఎక్స్‌రేని గొంతు నుంచి పొత్తికడుపు దాకా రెండుసార్లు చూసింది. "ఎక్కడా ఏమీ లేదు," అంది తమిళంలో. "పాప మింగలేదు. నిమ్మళంగా ఇంటికి పోండి. కానీ ఆ బిళ్ల మీ ఇంట్లోనే ఎక్కడో ఉంది. దొరికేదాకా వెతకండి. వచ్చింది మంచి పనే, ఇలాంటప్పుడు ఆలస్యం చేయకూడదు."

శాలిని బయటికి వచ్చి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. యాళిని వచ్చి ఆమె బుగ్గ మీద చెయ్యేసి, "అమ్మా, బన్ను," అంది. యువరాజ్ పోయి బన్నూ టీలూ తెచ్చాడు. అప్పుడు తేన్మొళి భుజం సర్దుకుంటూ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. గుండుసూదులు ఇంకా బ్లౌజులోనే ఉన్నాయి. శాలినికి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆసుపత్రి వరండాలోనే కూర్చుని ఒక్కొక్క సూదీ తీసి కొంగుకు గుచ్చుకుంది.

ఇంటికి రాగానే పాత నూలు చీర ఒకటి హాలు మధ్య పరిచి వెతకడం మొదలుపెట్టారు. ఏ బొమ్మ చేతికి తగిలినా విదిలించి చీర మీద వేయడమే. బీరువా కింద నుంచి రైలు పెట్టెలు వచ్చాయి. బియ్యం డబ్బాలో రబ్బరు చేప దొరికింది. యువరాజ్ పాత హెల్మెట్ నిండా ప్లాస్టిక్ పళ్లు ఉన్నాయి. చూస్తుండగానే కుప్ప యాళిని ఎత్తు పెరిగింది. బిళ్ల మాత్రం కనబడలేదు.

మధ్యాహ్నం తిరిగేసరికి సుబ్బన్న, చిక్కమ్మ తుంబలహళ్లి నుంచి వచ్చేశారు. కొడుకు ఫోన్ చేయగానే ఉన్నపళంగా బస్సెక్కారు. సుబ్బన్న చేతిలో సంచి లేదు. యాళిని గుమ్మందాకా పరుగెత్తి, తాత రెండు చేతులూ చూసి, వెనక్కి తిరిగి అవ్వ దగ్గరికి పోయింది.

"బిడ్డ బాగుండాదా?" అన్నాడు సుబ్బన్న.

"బాగుండాది నాయనా. ఏమీ మింగల్యా," అన్నాడు యువరాజ్.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని గోడ వారన కూర్చున్నాడు. ఆ కుప్ప వైపు చూశాడు.

చిక్కమ్మ కుప్ప పక్కన చతికిలబడి ఒక్కొక్క బొమ్మా చేతిలోకి తీసుకుని చూసింది. గరిటెలు, పొయ్యి, చిన్న కుక్కరు. కుక్కరు ఊపి చూసింది. లోపల ఏదో గలగలమంది. మూత గట్టిగా బిగిసి ఉంది. గోరుతో తీసి అరచేతిలోకి ఒంపింది.

"ఇదేనా చూడు?"

అదే. తళతళలాడుతున్న బ్యాటరీ బిళ్ల.

యాళిని దాన్ని చూసి, "ఇల్లీ," అంది. ఇడ్లీ అనడం దానికి ఇంకా రాదు.

"మూత పెట్టి ఉడకేసినాది మీ కూతురు," అంది చిక్కమ్మ. ఇంట్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు. పొద్దుటి నుంచి గుండెల మీద ఉన్న బరువు ఆ నవ్వుతో దిగిపోయింది. యువరాజ్ బిళ్లను కాగితంలో చుట్టి, పిల్లకు అందని చోట పెట్టాడు.

నవ్వు తగ్గాక శాలిని మామ ముందు వచ్చి కూర్చుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, మాట దానంతట అదే వచ్చింది.

"మామా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దండి. ఇంక బొమ్మలు తేవద్దు. ఏది యాడ ఉండాదో, దేని మూత ఊడిపోయినాదో నాకు తెలియల్యా. ఈ పొద్దు భయపడింది చాలు."

సుబ్బన్న తల ఊపాడు. కోపం రాలేదు. "సరేమ్మా," అన్నాడు. "వట్టి చేతుల్తో ఎట్ల వచ్చేది? బిడ్డ మొదట నా ముఖం చూడదు, చేతులే చూస్తుంది. ఇప్పుడూ అంతే కదా చేసింది," అన్నాడు.

శాలినికి అయ్యో అనిపించింది.

చిక్కమ్మే అందుకుంది. "అంతేనా? ఈ కుప్పలో సగం మన యింటికి ఎత్తుకొని పోదాం. వచ్చేటప్పుడు దాంట్లో ఒకటి తెచ్చియ్యి. పోయేటప్పుడు ఈడ ఉండేది ఒకటి తీసుకొని రా. బిడ్డకు ఏది పాతది, ఏది కొత్తది?"

"అది మోసం కాదా?" అన్నాడు సుబ్బన్న.

"మోసం ఏముండాది? దానిది దానికే ఇస్తావు."

ఆయన ముఖంలో కొద్దికొద్దిగా వెలుగు వచ్చింది. లేచి కుప్ప దగ్గరికి వచ్చి, ఏవి తీసుకుపోవాలో తానే ఏరసాగాడు.

ఆ సాయంత్రమంతా అదే పని. విరిగినవీ అంచులు లేచినవీ చెత్తలోకి పోయాయి. బ్యాటరీ బొమ్మల్ని యువరాజ్ స్క్రూడ్రైవరు పట్టుకుని చూశాడు. మూత బిగించగలిగినవి బిగించి, బిగియని వాటిలో బిళ్లలు తీసేశాడు. పాటల పియానో సంగతి వచ్చేసరికి దాన్ని ఉంచుకుంటామని ఎవరూ అనలేదు.

"దాన్ని నాకీయండి. పొలంలో ఎంత అరిచినా ఎవురికీ బాధ ల్యా," అన్నాడు సుబ్బన్న.

ఇంట్లో ఉంచుకున్నవి టీవీ బల్ల కింది అరలోకి వచ్చాయి. ఆ అరలో పాత పేపర్లూ పనికిరాని వైర్లూ ఉండేవి. వాటిని తీసేస్తే బొమ్మలకు సరిపోయింది. యాళిని చెయ్యి అందుతుంది, తానే తీసుకుంటుంది. తిరిగి పెట్టడం రెండు రోజుల్లో నేర్చుకుంది. ఒక్కో బొమ్మకూ అర మీద తట్టి 'బజ్జో' అని చెప్పి పెడుతుంది.

శాలిని మిగిలిన లైనింగు గుడ్డలు అతికి గుండ్రంగా కత్తిరించి, చుట్టూ అంచు మడిచి కుట్టి, అందులో నాడా ఎక్కించింది. పరిస్తే పిల్ల ఆడుకునే చాప. గిరాకీ తలుపు తట్టితే నాడా లాగడమే, బొమ్మలన్నీ లోపలుండగా మూటైపోతుంది. దాన్ని తలుపు వెనక మేకుకు తగిలిస్తుంది. అలాంటిదే ఇంకొకటి మామకూ కుట్టిచ్చింది. రంగురంగుల ఆ మూట భుజాన వేసుకుని ఆయన బస్సెక్కితే కండక్టరు తమిళంలో, "ఏం పెద్దాయనా, బొమ్మల వ్యాపారమా?" అని అడిగాడట.

"అవును. ఒకటే గిరాకీ," అన్నాడట సుబ్బన్న. ఆ మాట ఇంటికొచ్చి అందరికీ చెప్పుకున్నాడు.

ఓ నెల తర్వాత ఆయన ట్రాక్టరు తెచ్చాడు. మంచం కింద పడి ఉన్నన్నాళ్లూ యాళిని దాని ముఖం చూసింది లేదు. ఇప్పుడు సంచిలోంచి రాగానే రెండు చేతులతో లాక్కుని, చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. సుబ్బన్న గోడ వారన కూర్చుని దాన్నే చూస్తూ టీ తాగడం మరిచిపోయాడు. శాలిని టీ వేడి చేసి తెచ్చిచ్చింది. చెప్పాల్సిన మాట చెప్పేసినా ఏదీ తెగిపోలేదు. మామ అంతకుముందు లాగానే వారం వారం వస్తున్నాడు. అప్పుడప్పుడు ఒక రోజు ముందే వస్తున్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నం యాళిని నిద్రపోతే హాలంతా శాలినిదే. చుడీదారు గుడ్డను ఎక్కడా మడత పెట్టకుండా నేల మీద నిడివిగా పరిచి, సుద్దతో గీతలు గీసి కత్తిరిస్తుంది. కిటికీలోంచి గాలి వస్తే గుడ్డ అంచు లేస్తుంది. మోకాలితో దాన్ని అదిమి పట్టుకుని, తొందరేమీ లేకుండా కత్తెర నడిపిస్తుంది.