చంక కింద ఎర్ర దారం

జెర్సీ చేతికి రాగానే ముందు దాన్ని తిరగేసి చూడాలని నాకు నేర్పింది అన్నే. పైనుంచి చూస్తే ప్రతిదీ అసలులాగే కనిపిస్తుంది. నకిలీ సరుకు చేసేవాడు పైభాగానికి బాగానే కష్టపడతాడు. లోపలికి వచ్చేసరికి వాడికి ఓపిక అయిపోతుంది. దారాలు వేలాడుతుంటాయి, నంబరును కుట్టకుండా వేడిచేసి అంటించేస్తాడు, మెడ దగ్గర గుడ్డచీటీ వంకరగా కూర్చుంటుంది. అల్ ఖౌద్‌లోని తన ఫ్లాట్‌లో నేల మీద చాప వేసి, ఒక్కో చొక్కా తిరగేసి, పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు నాకు దిద్దించాడు. ఆ చేత్తోనే నన్ను ముంచాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన నాకు సొంత అన్న కాదు. ఆయనది గోదావరి జిల్లా, నాది జగిత్యాల వైపు. ఇద్దరం పని కోసం గల్ఫ్ వచ్చినవాళ్ళం. ఆయన ఒక కంపెనీ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. నేను ఏసీలు బాగుచేస్తాను, మా కంపెనీ రూమ్ బర్కాలో. ఒకసారి ఆయన ఫ్లాట్‌లో ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయంటే డ్యూటీ పడి వెళ్ళాను. ఏసీ కిందే బీరువా తలుపులు తీసి ఉన్నాయి. లోపల హ్యాంగర్లకు క్రికెట్ జెర్సీలు వరసగా వేలాడుతున్నాయి, అన్నీ తిరగేసే ఉన్నాయి. బొమ్మలూ అక్షరాలూ లోపలికి పోయి కుట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"తిరగేసి పెడితే రంగు దిగదయ్యా, అచ్చు పగలదు" అన్నాడు నేను అడక్కుండానే. "ముందు ఆ నీళ్ళ సంగతి చూడు. ఒక్క చుక్క వీటిమీద పడిందంటే నా ప్రాణం పోద్ది."

"నాకాడ గూడ రెండున్నయన్నా" అన్నాను.

అంతే, ఏసీ సంగతి మరిచిపోయాడు. ఏ జట్టువి, ఎక్కడ కొన్నావు, ఉతికావా అని ఒకటే ప్రశ్నలు. ఉతకలేదన్నాక మనసు కుదుటపడి చాయి పెట్టి ఇచ్చాడు. మ్యాచ్‌లో వేసుకున్న జెర్సీని ఉతికితే దాని బతుకు అయిపోయినట్టే. ఆ గడ్డి మరకా ఆ చెమట చారా ఉంటేనే అది ఆడిన చొక్కా, లేకపోతే బజారు చొక్కా.

మా వైపు అన్నల్ని ప్రేమగా నువ్వు అనే అంటాం. మొదటిసారి "నువ్వు కూసో అన్నా" అన్నప్పుడు ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. తర్వాత ఆయనే ముచ్చటపడి "మా తమ్ముడు నన్ను నువ్వంటాడండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. సెలవు రోజు శుక్రవారం వచ్చిందంటే నేను బర్కాలో టాక్సీ పట్టుకుని అల్ ఖౌద్ చేరేవాణ్ణి. సముద్రం పక్క ఊళ్ళలో గాలి తేమకు గుడ్డలు ముక్కిపోతాయి. అందుకని హాల్లో తాడు కట్టి, జెర్సీలన్నీ బీరువాలోంచి తీసి, తిరగేసినవి తిరగేసినట్టే ఆరేసి, నేను ఏసీని తేమ లాగేలా పెట్టేవాణ్ణి. ఆయన కింద కొట్టు నుంచి పరోటా తెచ్చేవాడు. పరదేశంలో నాకు ఇల్లు అనిపించింది ఆ హాలొక్కటే.

ఫోన్లో మాకొక గ్రూపు ఉండేది. సీబ్, బర్కా, సమాయిల్, ఎక్కడెక్కడో పనిచేసుకునే జెర్సీ పిచ్చోళ్ళందరం అందులో ఉన్నాం. ఎవడో ఒకడు రోజూ ఒక ఫొటో పెట్టి "ఇది అసలా, ఫస్ట్ కాపీయా" అని అడుగుతాడు. ఫస్ట్ కాపీ అంటే నకిలీకి పెట్టిన ముద్దుపేరు. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు మాత్రం ఆ మాట అనడు, మ్యాచ్‌లో వేసుకున్నది, ఆటగాడు సంతకం చేసినది అంటాడు. సమాయిల్‌లో ఖర్జూరం తోటలో పనిచేసే ఒకాయన సంతకం ఉన్న జెర్సీ కొన్నాడు. మురిసిపోయి ఒక్కసారి వేసుకున్నాడు. చెమటకు సంతకం కారి బనియన్‌కు అంటుకుంది. మాలో మోసపోనివాడు లేడు, మోసపోయినవాణ్ణి ఏడిపించనివాడూ లేడు.

ఇక కొనడం ఎలాగంటే, అంతా అన్న చేతుల మీదుగానే. మాకు అడ్రస్ ఎక్కడిది? ఈ నెల ఈ సైట్, వచ్చే నెల ఇంకో సైట్. కొరియర్ వాడు ఫోన్ చేసినప్పుడు మేము ఏ మిద్దె మీదో ఉంటాం. ఇండియాలో ఇంటికి తెప్పించుకుందామంటే మా అమ్మ రాగానే సబ్బు పెట్టి ఉతుకుతుంది, మా తమ్ముడు వేసుకుని గ్రౌండుకు పోతాడు. అన్నకు ఫ్లాట్ ఉంది, కార్డు ఉంది, ఇంగ్లీషు ఉంది. ఎవరి పార్సిల్ అయినా ఆయన ఇంటికే వచ్చేది. ఆయన విప్పి, తిరగేసి చూసి, అసలుదంటే అసలుది, కాదంటే కాదు. అది మాలో ఎవరూ రాసుకోని రూలు.

అలా ఉండగా ఆన్‌లైన్‌లో ఒక జెర్సీ నా కంటబడింది. లేత నీలం రంగు, రాష్ట్ర జట్టుది. అది మా దిక్కు ఫాస్ట్ బౌలర్‌ది. ఎక్కువ మ్యాచ్‌లు ఆడలేదు, పేపర్లో ఫొటో కూడా సరిగా పడలేదు. కానీ నేను బడి ఎగ్గొట్టి జిల్లా గ్రౌండు గోడెక్కి చూసింది ఆయన బౌలింగే. మన దిక్కు నుంచి ఎవడు ఆడతాడురా అని నవ్వేవాళ్ళ నోరు మూయించింది ఆయనే. ఇప్పుడు పెద్దవాడై, తన చొక్కా తానే అమ్ముకుంటున్నాడు. నాకు వేరే ఏ జెర్సీ అక్కర్లేదు, ఇదొక్కటి కావాలి అన్నాను అన్నతో. ఆయన ఫొటోలను పెద్దవి చేసి చాలాసేపు చూశాడు.

"ఇది మాణిక్యమయ్యా" అన్నాడు. "ఇలాంటివి మళ్ళీ రావు."

తెప్పించమన్నాను. ఓవర్‌టైం మీద ఓవర్‌టైం చేసి డబ్బు కట్టాను. పార్సిల్ రావడం చాలా ఆలస్యమైంది. అడిగినప్పుడల్లా "కస్టమ్స్‌లో ఆగిందయ్యా, మన చేతుల్లో ఏముంది" అనేవాడు. చివరికి ఒక శుక్రవారం రమ్మన్నాడు. కవరు అప్పటికే చించి ఉంది. కస్టమ్స్ వాళ్ళు చించి చూశారట. నేను కళ్ళకద్దుకుని తీశాను, తిరగేశాను. నంబరు అంటించింది. దారాలు వేలాడుతున్నాయి. మరక లేదు, చెమట చార లేదు. అంగడి వాసన కొడుతోంది.

అన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని దీపం కింద పెట్టి చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "మోసపోయాం తమ్ముడూ. ఆడినోడే ఇలా చేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన దగ్గర ఏడవడానికి సిగ్గేంటి అనుకుని ఏడ్చాను కూడా. ఆ కోపంలో ఆ పెద్దమనిషికి మెసేజ్ రాయడం మొదలుపెట్టాను. అన్న చదివి పెదవి విరిచాడు. "ఇంత మర్యాదగా రాస్తే సిగ్గొస్తదేంటయ్యా వాళ్ళకి? దొంగని దొంగ అను" అని తనే పక్కన కూర్చుని మాటలు అందించాడు. నీ ఆట కూడా ఇలాంటి దొంగాటే అయ్యుంటుంది అన్న మాట ఆయన అందించిందే. అదే గ్రూపులోనూ పెట్టాం. అందరూ ఆ మనిషిని చెడతిట్టారు.

తర్వాత కొన్నాళ్ళకు నేను బర్కాలో ఒక తోటింట్లో ఏసీ విప్పి కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. ఇండియా నంబరు. గొంతు పెద్దవయసుది.

"బిడ్డా, నన్ను దొంగ అని రాసినవు గద. తిట్టుకో, నాకేం బాధ లేదు. ఒక్కటే అడుగుత. నేను పంపిన చొక్కాకు చంక కింద ఎర్ర దారం కుట్టున్నది. బంతి ఏస్తుంటే చినిగింది. మా ఇంట్లామె కుట్టింది, నీలం దారం లేకపోతే ఎర్రదాంతోని. ఆమె ఇప్పుడు లేదు. గా కుట్టున్నదా లేదా చెప్పు."

"కుట్టు లేదు సార్" అన్నాను.

"అయితే గది నాది గాదు. నేను నాదే పంపిన. నీకు అందింది వేరేది."

"పార్సిల్ మా అన్న ఇంటికి వచ్చింది సార్. నడుమల కస్టమ్స్ల గిట్ట మారిందేమో."

"మారితే మారె. జర ఎతుకు బిడ్డా. పైసలు వాపస్ గావాల్నంటే పంపుత గని, గది యాడనో పడిపోతే నాకు మనసున పట్టదు."

దొంగ అనిపించుకున్నవాడు పైసలు తిరిగి పంపుతానంటున్నాడు.  అప్పటికి కూడా నా అనుమానం కస్టమ్స్ వాళ్ళ మీదా కొరియర్ వాళ్ళ మీదా పోయింది గానీ అన్న మీదికి పోలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక ఏసీ మెకానిక్ ఎంత. శుక్రవారం వెళ్ళి ఈ సంగతి అన్నకు చెప్పి, ఇద్దరం కలిసి వెతుకుదాం అనుకున్నాను.

ఆ శుక్రవారం కాస్త ముందే చేరాను. "వచ్చావా, నువ్వు తాడు కట్టు, నేను పరోటా తెస్తా" అని ఆయన కిందికి దిగాడు. తాడు కట్టాను. బీరువా తెరిచి ఒక్కొక్కటే తీసి ఆరేస్తున్నాను. ఆ జెర్సీలు నాకు కుట్లతో సహా తెలుసు, ఇన్ని శుక్రవారాలు మోసినవే. వెనక వరసలో, రెండు మందపు జెర్సీల మధ్య, నాకు తెలియనిది ఒకటి చేతికి తగిలింది. లేత నీలం. అలవాటు ప్రకారం అదీ తిరగేసే ఉంది. చంక కింద ఎర్ర దారం, వంకరటింకరగా, ఇంటి సూదితో వేసిన కుట్టు.

సరిగ్గా తొడిగే వైపు పెట్టి ఉంటే ఆ కుట్టు మడతలో దాగిపోయేది. చొక్కాను తిరగేసి పెట్టడం ఆయన మానుకోలేకపోయాడు, దొంగిలించినదాన్ని కూడా. దాన్ని మళ్ళీ తిప్పి చూశాను. నంబరు కుట్టిందే. మోచేతి దగ్గర గడ్డి మరక. ఒళ్ళో పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అని మా నాయనమ్మ అనేది. ఆ మాట బరువు నాకు ఆ రోజు తెలిసింది.

అన్న పరోటా పొట్లంతో లోపలికి వచ్చాడు. నా ఒళ్ళోది చూశాడు. బొంకుతాడనుకున్నాను. బొంకలేదు. పొట్లం బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, చొక్కాలు ఎలా దాచుకోవాలో చెప్పినప్పటి గొంతుతోనే మొదలుపెట్టాడు.

"నువ్వే చెప్పవయ్యా. నీ దగ్గరుంటే ఏమయ్యేది? మంచం కింద ట్రంకు పెట్టి. రూమ్ నిండా జనం, పోపు వాసన, సిగరెట్ పొగ. నాలుగు రోజుల్లో పీలికైపోద్ది. అలాంటి వస్తువు అక్కడా ఉండాల్సింది? నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టు కాదా?"

నా రూమ్ గురించి ఆయనకు అలాంటి లెక్క ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నా చేతులు ఆయన బీరువాను తేమ నుంచి కాపాడటానికి పనికొచ్చాయి, నా చొక్కా నేను దాచుకోవడానికి పనికిరాలేదు.

"మరి నన్నెందుకు అడగకపోయినవ్?"

"అడిగితే ఇస్తావా?"

"ఇచ్చేటోన్ని."

నిజంగానే ఇచ్చేవాణ్ణి. నీ బీరువాలో పెట్టుకో అన్నా, శుక్రవారం శుక్రవారం వచ్చి చూసుకుంటా అనేవాణ్ణి. ఆ సంగతి ఆయనకూ తెలుసని ఆయన తల దించుకున్నప్పుడు నాకు అర్థమైంది.

"గా పెద్దమనిషిని నాతోని దొంగ అనిపించినవ్."

"ఆయనెవరో మనకేంటయ్యా" అన్నాడు నెమ్మదిగా. "మనం మనం చూసుకోవాలి గాని."

ఆ 'మనం' అన్న మాట విన్నాక ఇక కూర్చోలేకపోయాను. లేచి నిలబడి, నా చొక్కా విప్పి పక్కన పడేసి, జెర్సీని మెడలోంచి వేసుకున్నాను. దాచే జెర్సీని మాలో తెలిసినవాడెవడూ ఒంటిమీద వేసుకోడు. అన్న ఒక్క ఉదుటున లేచాడు.

"వేసుకోకయ్యా! నీ చెమట దానికి అంటుద్ది! ఆయన చెమట పోద్ది!"

దొరికిపోయినప్పుడు వణకని గొంతు అప్పుడు వణికింది. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా చూశాను. అవి నా కోసం కావు. "మీరు కూర్చోండి" అన్నాను. ఆయన్ని నేను మీరు అనడం అదే మొదటిసారి. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. ఎండ మండిపోతోంది. టాక్సీ కోసం నిలబడేలోపే జెర్సీ వీపుకు అతుక్కుపోయింది.

అక్కడే నిలబడి, గ్రూపులో పెట్టింది తీసేసి, ఆ పెద్దమనిషికి ఫోన్ చేశాను.

"సార్, కుట్టున్నది. ఎర్ర దారమే."

"దొరికిందా బిడ్డా!"  ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "యాడుండె?"

దొంగ ఎవరో చెప్పడానికే ఫోన్ చేశాను. నోటిదాకా వచ్చింది. "మా అన్న బీరువల ఉండె సార్" అన్నాను.

"గట్లనా. వేరే చొక్కలల్ల కలిసిపోయుంటది పాపం. పోనీ తియ్, ఆయన మంచిగ దాచిండు. ఖరాబ్ గాలే గద? మీ అన్నకు నా నమస్తే చెప్పు."

"చెప్తా సార్" అన్నాను.