తీతువు పిట్టల మడి

ఇంగ్లండులోని యార్క్‌షైర్ రైతు విల్ఫ్ డిన్స్‌డేల్‌కు పొద్దున్నే ప్రభుత్వాన్ని నాలుగు తిట్టనిదే టీ గొంతు దిగదు. వాన మీదా బార్లీ ధర మీదా కోపం చాలదన్నట్టు, డెబ్బై ఏళ్ల వయసులో తీతువు పిట్టల మీద కూడా పగబట్టాడు. అవి నేల మీద గుడ్లు పెట్టుకునేందుకు ఒక మడిని దున్నకుండా వదిలేస్తే ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చేది. “మా నాన్న గోధుమలు పండించాడు, నేను పిట్టల్ని పండిస్తున్నా” అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు.

ఈ వసంతంలో ఆ సబ్సిడీ ఆగిపోయిందని ఉత్తరం వచ్చింది. “పీడ వదిలింది, బార్లీ వేసేస్తా” అంటూ టోపీ చెవులదాకా లాక్కుని ట్రాక్టరెక్కిన మనిషి పావుగంటకే తిరిగొచ్చాడు.

“అప్పుడే దున్నేశావా?” అంది భార్య మావిస్.

“నేల తడిగా ఉంది.”

పది రోజులుగా చినుకు లేదు. మావిస్ మడి దాకా నడిచి వెళ్లి చూసింది. ట్రాక్టర్ దున్నిన చాలు మడి మధ్యలోనే ఆగిపోయింది. దానికి నాలుగు గజాల ముందు ఒక తీతువు గుడ్ల మీద కదలకుండా కూర్చుని ఉంది.

“ఎప్పటికి ఆరుతుందంటావ్?” ఇంటికొచ్చి నవ్వాపుకుంటూ అడిగింది.

“నాలుగు వారాలు పట్టొచ్చు.”

“అప్పటికి బార్లీ అదను దాటిపోదూ?”

“దాటిపోనీ” అన్నాడు విల్ఫ్, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని. “ఎవరితోనైనా అన్నావో, ఊరుకోను.”