కళ్లు తెరిచి కూర్చోవాల్సిన రోజు

మా అక్కకు పనిచోట సైరన్ అని పేరు. ఆస్పత్రి బట్టలు ఉతికే విభాగంలో నాలుగు పెద్ద మెషీన్లు ఒకేసారి తిరుగుతుంటే పక్కమనిషి మాట కూడా వినబడదు, అక్క గొంతు మాత్రం వినబడుతుంది. గేటు దగ్గర ఆమె నినాదం ఎత్తుకుంటే మూడో అంతస్తులో రోగులు లేచి కూర్చుంటారని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పాపం, రోగుల్ని ఎవరూ అడగలేదు.

అలాంటి మనిషి రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, వంటింట్లో పీట మీద వీపు నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని, ఇరవై నిమిషాలు ఊపిరి లెక్కపెట్టుకుంటుందంటే ఎవరు నమ్ముతారు? ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు మా బావ. ఆయన ఆ వేళకి గురక పెడుతుంటాడు. రెండోదాన్ని నేను. మా రెండు వాటాలకూ కుళాయి ఒకటే, అది అక్క వంటింటి కిటికీ కింద ఉంది. నీళ్లు కూడా సరిగ్గా నాలుగున్నరకే వస్తాయి. నేను బిందె దించితే వీధి చివర కుక్క మొరిగేది. కావాలనే అలా దించేదాన్ని. ఒకటి కాదు రెండు కాదు, ఎనిమిదేళ్లకు పైగా దించాను.

నా కోపానికి కారణం ఉంది. పదకొండేళ్ల కిందట, సమ్మె నోటీసు ఇచ్చిన వారంలో, అప్పటి సూపర్‌వైజరు ఇస్త్రీ గదిలోకి వచ్చి, "ఆడాళ్లకు చేతులుంటే చాలు, నోళ్లెందుకు?" అనేసి వెనక్కి తిరిగాడు. అక్క చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. మరుక్షణం లేదు. అది అతని చెవి పక్కనుంచి పోయి అద్దాల తలుపు బద్దలు కొట్టింది. విచారణ పెట్టారు. గదిలో అక్క కాక ఇంకో ముగ్గురం ఉన్నాం. ఎవరు విసిరారో ముగ్గురమూ చెప్పలేదు. అక్క సంఘం సెక్రటరీ, సాక్ష్యం లేకుండా ఆమెను కదపలేక మా ముగ్గుర్నీ పనిలోంచి తీసేశారు. సమ్మె అక్కడికక్కడే చచ్చిపోయింది.

అక్క లేచి "నేనే" అనబోయింది. అననివ్వనిది పెద్దాయన. ఆయన మా సంఘం అధ్యక్షుడు, బాయిలరు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. అక్కకు కరపత్రం చదవడం, నలుగురిలో నిలబడి మాట్లాడడం నేర్పింది ఆయనే. "నువ్వు పోతే సంఘం పోతుంది. నోరు మూసుకో" అన్నాడు. అక్క మూసుకుంది. ముగ్గురిలో ఒకామె ఊరు విడిచి వెళ్లిపోయింది. ఇంకొకామె ఇళ్లల్లో పనికి కుదిరింది. నేను మూడేళ్లు ఇంట్లో కూర్చున్నాను. తర్వాత అక్కే మేనేజ్‌మెంటుతో నెలల తరబడి మాట్లాడి నన్ను వెనక్కి తెచ్చింది. నా కూడు పోగొట్టిందీ ఆమే, తెచ్చిపెట్టిందీ ఆమే. ఇంక కోపం ఎవరి మీద చూపించాలి? బిందె మీద చూపించాను.

అక్క కూర్చోవడం మొదలుపెట్టింది ఆ గొడవైన నెలలోనే. వార్డులో ఒక నర్సు నేర్పింది. పదివరకు లెక్కపెట్టాలి, మధ్యలో మనసు ఎటైనా పోతే మళ్లీ ఒకటి నుంచి. "రెండు దాటడానికి నెల పట్టిందే" అని ఒకసారి నాతో అంది. పెద్దాయనకు తెలిస్తే మాత్రం కొంపలంటుకుంటాయని భయం. "కళ్లు మూసుకున్న పనివాడికంటే యజమానికి ముద్దొచ్చేవాడు లేడు" అనేది ఆయన ప్రతి ఉపన్యాసంలోనూ వచ్చే మాట. ఆయన మాట అక్కకు శాసనం. అందుకని ఆవిడ దొంగతనం చేస్తున్నట్టే ధ్యానం చేసేది.

ఈ ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చీ రాగానే పనివాళ్ల ప్రశాంతత కోసమని రోజూ పది నిమిషాలు ధ్యానం క్లాసు పెట్టాడు. మంచిదే. కానీ ఆ పది నిమిషాలూ మా ఇరవై నిమిషాల టీ విరామంలోంచి కోశాడు. ఆపరేషన్ గదుల సంచులు విప్పి, నెత్తురు దుప్పట్లు చల్లనీళ్లలో నానేసి, దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు వేడికి చెమటలు కారుస్తూ నిలబడ్డవాళ్లకు ఆ ఇరవై నిమిషాలు ఎంతో ఆయనకేం తెలుసు?

అక్క మండిపడింది. సంఘం గదిలో ఉపాయం చెప్పింది కూడా ఆవిడే. "క్లాసుకి రామంటే క్రమశిక్షణ చర్య అంటారు. అందరం వెళ్దాం, కూర్చుందాం, కళ్లు మాత్రం మూయొద్దు. రెప్ప వేయొచ్చు, మూయకూడదు." పెద్దాయన బల్ల గుద్ది "భేష్" అన్నాడు.

మంగళవారం దుప్పట్లు మడతపెట్టే హాల్లో అరవైమందిమి నేలమీద కూర్చున్నాం. క్లాసు చెప్పే ఆవిడ చిన్న గంట కొట్టి, "వీపు నిటారుగా పెట్టండి. కళ్లు మూసుకోండి. మీ ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటిగా వదిలేయండి" అంది. మేం గుడ్లగూబల్లా చూస్తున్నాం. నాకు నవ్వాగడం లేదు. అక్క ముఖం చూద్దామని పక్కకి తిరిగాను.

అక్క కళ్లు మూసుకుని ఉంది.

మోకాళ్ల మీద అరచేతులు, నిటారు వీపు, కదలిక లేదు. మోచేత్తో పొడిచాను. ఉహూ. ముందువరస వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. పది నిమిషాలయ్యాక గంట మోగింది. అక్క కళ్లు తెరిచేసరికి అరవైమందీ ఆమెనే చూస్తున్నారు. క్లాసావిడ చప్పట్లు కొట్టి, "చూశారా! ఈమెను చూసి నేర్చుకోండి" అని ఫోన్లో ఫొటో తీసుకుంది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదేంటక్కా?" అన్నాను బయటికొచ్చాక.

"ఏమో. కూర్చున్నానే, అంతే. వీపు నిలబెట్టగానే కళ్లు వాటంతటవే..."

మర్నాడు నోటీసు బోర్డు మీద ఆమె ఫొటో వెలిసింది. కింద 'మార్పు ఇలా మొదలవుతుంది' అని రాశారు. మధ్యాహ్నానికి ఎవరో ఫొటోకి మీసాలు పెట్టారు. సాయంత్రానికి 'సైరన్ మూగబోయింది' అని ఇంకెవరో రాశారు. అది మాత్రం మావాళ్ల పనే.

టీ విరామం గురించి మేనేజరుతో శుక్రవారం చర్చ. గురువారం సంఘం గది నిండిపోయింది. మా తరఫున అక్క వెళ్లాలా వద్దా అన్నదే ప్రశ్న. రోలరు మీద పనిచేసే అతను లేచి, "వాళ్లు మెచ్చినోళ్లు మనకెందుకు? సెక్రటరీని మార్చండి" అన్నాడు. పెద్దాయన అక్క వైపు చూడకుండానే అడిగాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"పదకొండేళ్లు."

గది గొల్లుమంది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "నా దగ్గర దాచావన్నమాట. కళ్లు మూసుకుని ఏం చూస్తావమ్మా? మేనేజర్ని క్షమించేస్తుంటావా?"

అక్క లేచి నిలబడింది. సైరన్ అనిపించుకున్న మనిషి మామూలు గొంతుతో మాట్లాడింది. దానికి నాకు ఇంకా భయమేసింది.

"ఆ రోజు ఇస్త్రీ పెట్టె విసిరింది నేను. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనూ అనలేదు. నా బదులు ముగ్గురు పోయారు. ఇక నా చెయ్యంటే నాకే భయం పట్టుకుంది. రోజూ కూర్చోగానే ముందు ఆ ముగ్గురి పేర్లు అనుకుంటా. తర్వాతే ఊపిరి." మూడు పేర్లూ చెప్పింది. మొదటిది నాది. "అప్పట్నుంచి ఎన్ని చర్చలకెళ్లా? ఒక్కసారైనా చెయ్యి లేచిందా? పోయినేడు గ్లవ్స్ ఎవరు తెచ్చారు? నేను మెత్తబడ్డానంటే ఒప్పుకోను." ఆగి, పెద్దాయనకేసి తిరిగింది. "నోరు మూసుకోమన్నది మీరు. మూసుకున్నా. కళ్లు మూసుకోవడం మాత్రం నా అంతట నేనే నేర్చుకున్నా."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి, "నోరు మూసుకోమన్నది నేనే. నిజమే. రేపు ఈమే వెళ్లాలన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

నలభై ఒక్క చేతులు లేచాయి. నాది అందరికంటే ఆలస్యంగా లేచింది. ఎనిమిదేళ్లకు పైగా ఆ కిటికీ కింద నేను బిందెలు గుద్దుతుంటే, అవతల అక్క నా పేరు తలచుకుంటోందన్నమాట. నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, చెయ్యి ఎత్తాను కాబట్టి తుడుచుకోడానికి ఒకటే మిగిలింది.

శుక్రవారం చర్చకి పెద్దాయన, అక్క, నేను వెళ్లాం. మేనేజరు అక్కకి మాత్రం కుర్చీ చూపించి, "మీకు ధ్యానం విలువ తెలుసు కదా, మీరు కూడా వీళ్లతో కలిసి అడ్డుపడితే ఎలా?" అన్నాడు. పెద్దాయన పిడికిలి బిగుసుకుంది. అక్క కూర్చోకుండానే చెప్పింది.

"నాకు అన్నమూ ఇష్టమే సార్. అలాగని నా కంచంలోది తీసి నాకే వడ్డించి, మెచ్చుకోమంటే ఎలా?"

గంటన్నర పట్టింది. టీ విరామం మళ్లీ ఇరవై నిమిషాలైంది. క్లాసు ఇష్టమున్నవాళ్లకి డ్యూటీ అయ్యాక అన్నారు. ఫొటోని అక్కే స్వయంగా మీసాలతో సహా పీకి చింపేసింది. ఇప్పుడా క్లాసుకి ఐదుగురు వెళ్తున్నారు, అక్క వెళ్లదు. ఎందుకని అడిగితే, "ఆవిడ ఫిర్యాదులు వదిలేయమంటుందే. నాకు వాటితో పనుంది" అంది.

ఆ శుక్రవారం చర్చ ముగించుకుని మెట్లు దిగుతూ పెద్దాయన అక్కను మెల్లగా అడిగాడు. "టీ తాగి కూర్చుంటావా, తాగకముందా?"

"తాగకముందే."

"అయితే నావల్ల కాదులే" అని చేతికర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

శనివారం తెల్లవారుజామున నీళ్లు వచ్చాయి. కుళాయిని సన్నగా తిప్పి, బిందె కింద పాత దుప్పటి ముక్క వేసి, పిల్లిలా పట్టుకున్నాను. నిండిన బిందెని రెండు చేతులా ఎత్తి చప్పుడు కాకుండా దించాను. నాలుగు బిందెలూ అలాగే నింపాను. అయిదు కావస్తుండగా వంటింటి కిటికీ తలుపు తెరుచుకుంది. అక్క తల బయటపెట్టి, కంగారుగా నా ముఖంలోకి చూసింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా? ఇవాళ చప్పుడే లేదు."

"బాగానే ఉంది" అన్నాను. "నువ్వు కూర్చో."