వజ్రం ఒప్పుకోని ప్లాన్

దయ్యాలు, శకునాలు నాకు సరిపడవు. చర్చికి వెళ్తాను, ప్రార్థన చేస్తాను, అది వేరు. న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్‌ని. రేడియేషన్ మెషిన్ ఇచ్చే డోసు సరిగ్గా ఉందో లేదో కొలవడం నా పని. కొలతకు అందనిదంటే నాకు చిరాకు.

పార్సిప్పనీలో మా తెలుగు చర్చిలో ప్రతి ఆదివారం వాక్యం చదివేది రూతు ఆంటీ. ఆవిడకి మెదడులో చిన్న గడ్డ బయటపడింది, కంటి నరం పక్కనే. సోమవారం మా ఆసుపత్రిలోనే ఒక్క సిట్టింగ్‌లో రేడియేషన్ చికిత్స.

అంత సన్నటి కిరణాన్ని కొలవడానికి మా దగ్గర పెన్సిలంత పుల్ల ఉంటుంది. దాని కొనలో ల్యాబ్‌లో తయారైన ఆవగింజంత వజ్రం. ముందు కాసేపు ఊరికే రేడియేషన్ తగిలిస్తే గానీ అది కుదురుకోదు. కిరణం ఎక్కడ, ఎంత పడాలో ప్రతి పేషెంట్‌కీ స్కాన్ చూసి ఒక ప్లాన్ వేస్తారు. తర్వాత పేషెంట్‌కి బదులు తల ఆకారపు ప్లాస్టిక్ దిమ్మలో వజ్రాన్ని పెట్టి, అదే ప్లాన్‌ని నడిపి చూస్తాం.

శుక్రవారం ఉదయం ఆంటీ ప్లాన్ కొలిస్తే డోసు ఉండాల్సినదానికంటే నాలుగు శాతం తక్కువ చూపించింది. వజ్రానికి మళ్లీ రేడియేషన్ తగిలించాను. నాలుగే. కేబుల్ మార్చాను, మీటర్ మార్చాను. నాలుగే. వేరే ఇద్దరి ప్లాన్లు నడిపితే బుద్ధిగా సరిపోయాయి. ఆంటీ ప్లాన్ దగ్గరే మొండికేసింది.

ప్లాన్ వేసిన మేఘన ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. "అక్కా, నాది కరెక్టే. నీ డిటెక్టర్ పాడు అయ్యింది" అంది. మధ్యాహ్నానికి డాక్టర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆంటీ కూడా చేసింది.

"సోమవారం ఉన్నట్టేనా అమ్మా? అంకుల్ లీవ్ పెట్టుకోవాలి."

చూసి చెప్తానన్నాను. ఆ వజ్రాన్ని పార్కింగ్ లాట్‌లోకి విసిరేయాలనిపించింది. ప్లాన్ సరే అని సంతకం మాత్రం పెట్టలేదు. ప్లాన్ మొదటి నుంచీ చూడమని మేఘనని పోరాను. మొహం మాడ్చుకునే కూర్చుంది.

నాలుగింటికి నా దగ్గరికి వచ్చి నిలబడింది. "అక్కా, నేను పాత స్కాన్ మీద వేశాను."

ఆంటీకి నెలన్నర తేడాతో రెండు స్కాన్లు తీశారు. ఈలోగా గడ్డ పెరిగి నరాన్ని పక్కకు నెట్టింది. ఆ ప్లాన్ ప్రకారం కిరణం సూటిగా నరం మీదే పడేది, ఆంటీ చూపు పోయేది. కొత్త స్కాన్ మీద మళ్లీ వేయమన్నాను.

కొత్త ప్లాన్ మొదటి కొలతకే సరిపోయింది. చికిత్స బుధవారం జరిగింది. అంతటితో వదిలేస్తే బాగుండేది. ఊరుకోలేక పాత ప్లాన్‌ని దిమ్మ మీద మళ్లీ నడిపాను. అదే వజ్రం, అదే మెషిన్. సరిపోయింది. పదిసార్లు నడిపాను, పదిసార్లూ సరిపోయింది.

వజ్రానికి తెలిసింది కిరణం ఒక్కటే. స్కాన్ పాతదో కొత్తదో దానికి తెలిసే దారే లేదు. ఆ శుక్రవారం కూడా కొలత సరిపోయి ఉండాల్సింది. సరిపోయి ఉంటే నేను సంతకం పెట్టేసేదాన్ని.

ఆంటీ "దేవుడమ్మా" అని తేల్చేసింది. మేఘన "లూజ్ కనెక్షన్ అక్కా" అంది. కేబుల్ మార్చాక కూడానా? నాకు రెండూ ఎక్కలేదు. జరిగినదాని మీద ఆసుపత్రికి ఇచ్చే రిపోర్ట్‌లో 'కారణం' అన్న గడి ఖాళీగా ఉంటే సిస్టమ్ ముందుకు పోనివ్వదు. 'తెలియదు' అని టైప్ చేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట రాయడం అదే మొదటిసారి.

ఆదివారాలు ఆంటీ కళ్లజోడు సవరించుకుని వాక్యం చదువుతుంది. అందరూ వింటారు. నేను ఆ గడిలో ఏం రాసి ఉండాల్సిందా అని ఆలోచిస్తూ కూర్చుంటాను.